వరికోతల రోజుల్లో కాలనీ దారి: చలికాలానికి ముందు సంఘం ఏ తీర్మానం చేయాలి?

ప్రశ్న: కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి, మిర్యాలగూడ

అందరికీ నమస్కారం. మిర్యాలగూడ పట్టణం అంచున, పొలాలను ఆనుకొని ఉన్న ఒక కాలనీ సంక్షేమ సంఘానికి నేను కార్యదర్శిగా పనిచేస్తున్నాను. చలికాలానికి ముందు జరుపుకొనే మా సర్వసభ్య సమావేశం దగ్గరపడింది. దోమల మందు, వాచ్‌మన్ జీతం, సంక్రాంతికి ఊళ్లకు వెళ్లే వారి ఇళ్ల మీద నిఘా వంటివి ఏటా చర్చించేవే కాబట్టి వాటి మీద మాలో పెద్దగా భేదాభిప్రాయాలు లేవు. వడ్లు ఆరబోసే రోడ్డు సంగతి వచ్చేసరికి మాత్రం కాలనీ రెండుగా చీలిపోతోంది.

పెద్ద రోడ్డు నుంచి మా కాలనీకి వచ్చే ముప్పై అడుగుల తారు రోడ్డుకు రెండు వైపులా ఖాళీ ప్లాట్లు, వాటిని దాటితే సాగర్ ఎడమ కాలువ కింద సాగయ్యే పొలాలు ఉన్నాయి. కోతలు మొదలుకాగానే చుట్టుపక్కల రైతులు ఆ రోడ్డు మీదనే వడ్లు ఆరబోస్తారు, సాయంత్రానికి కుప్ప చేసి, నల్లటి టార్పాలిన్ కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టి వెళతారు. వీధి దీపాలు సగం దూరం వరకే ఉన్నాయి. గత ఏడాది ట్యూషన్ ముగించుకొని వస్తున్న మా కాలనీ ఇంటర్ విద్యార్థి ఆ రాళ్లకు తగిలి బండితో సహా పడిపోయాడు, కాలు విరిగింది, పరీక్షల ముందు నెలలన్నీ మంచం మీదనే గడిపాడు. ఆ తరువాత కొందరు పోలీసులకు ఫిర్యాదు చేద్దామన్నారు, మరికొందరు రైతు నోటికాడి ముద్ద లాగవద్దన్నారు. వాట్సాప్ గ్రూపులో మాటలు ఎంత దూరం వెళ్లాయంటే ఇప్పటికీ రెండు కుటుంబాలు పలకరించుకోవడం లేదు.

రైతులను దోషులుగా నిలబెట్టే తీర్మానం రాయడానికి నాకు మనసు ఒప్పడం లేదు, అలాగని ఇంకొక పిల్లవాడు పడేదాకా చూస్తూ కూర్చోలేను. ఈ విషయంలో సంఘానికి నిజంగా ఎంత అధికారం ఉంది? కోతలు మొదలయ్యేలోపు మేము ఏమేమి చేయవచ్చు? ఇటువంటి పరిస్థితిని ఎదుర్కొన్నవారు దయచేసి వివరంగా తెలియజేయగలరు.

జవాబు: రైతు కుటుంబం, వేములపల్లి మండలం

కార్యదర్శి గారికి నమస్కారం. ముందుగా ఆ పిల్లవాడి తల్లిదండ్రులకు మా రైతుల తరఫున చెప్పవలసిన మాట ఒకటి ఉంది. రాళ్లు తీయకుండా వెళ్లడం తప్పు, దానికి ఏ సాకూ చెల్లదు.

రోడ్డు మీదికి ఎందుకు వస్తామో కూడా మీ సమావేశంలో ఎవరైనా వివరిస్తే బాగుంటుంది. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలిన నాటి నుంచి ఈ ప్రాంతమంతా వరి మాగాణిగా మారింది. ఒకప్పుడు కోసిన పంటను పనలుగా పొలంలోనే పరచి ఆరనిచ్చి, కల్లంలో నూర్చేవారు కాబట్టి గింజ చాలావరకు ఆరిపోయి ఇంటికి చేరేది. ఇప్పుడు హార్వెస్టర్ ఒక్క పూటలో కోసి ట్రాక్టరులో పోస్తుంది, ఆ వడ్లలో తేమ ఇరవై శాతానికి పైనే ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో మద్దతు ధర రావాలంటే తేమ 17 శాతం మించకూడదు. 2025–26 వానాకాలం పంటకు ఏ గ్రేడు ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు, సన్నాలకు, అంటే సన్న గింజ రకాలకు, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే బోనస్ మరో 500. తేమ ఎక్కువగా ఉందని కాంటా ఆగిపోతే ఆ డబ్బంతా ప్రమాదంలో పడుతుంది, లేదా పచ్చి వడ్లను మిల్లుకు తోలి వాళ్లు చెప్పిన ధరకు ఇచ్చి రావాలి. ఉపాధి హామీ కింద కొన్ని పొలాల్లో సిమెంటు కల్లాలు కట్టారు గానీ అందరికీ అందలేదు. కౌలు రైతుకైతే కల్లం కట్టుకోవడానికి సొంత భూమే లేదు.

చలికాలంలో మాకు పగలు చిన్నదవుతుంది, రాత్రి మంచు పడుతుంది. పొద్దున మంచు ఆరాక తొమ్మిది దాటితే గాని వడ్లు విప్పలేము, సాయంత్రం ఐదు లోపు కుప్ప చేసి కప్పకపోతే ఆరిన గింజ మళ్లీ చెమ్మ పడుతుంది. వేసవిలో ఒకటిన్నర రోజుల్లో అయ్యే పని ఇప్పుడు మూడు, నాలుగు రోజులు పడుతుంది. ఆ మధ్యలో బంగాళాఖాతంలో వాయుగుండం అని రేడియోలో వింటే ఆ రాత్రి మాకు నిద్ర ఉండదు.

మీకు పనికి వచ్చే సంగతి ఇందులోనే ఒకటి ఉంది. వడ్లు పరచి ఉండేది పగటి వెలుతురులో, పక్కన మనిషి ఉన్నప్పుడు. ప్రమాదం జరిగేది రాత్రి, కుప్ప దగ్గర ఎవరూ లేనప్పుడు. కాబట్టి రాత్రికి కుప్ప రోడ్డు మీద ఉండకుండా చూడగలిగితే మీ కష్టం చాలావరకు తీరుతుంది. మీ రోడ్డు పక్కన ఖాళీ ప్లాట్లు ఉన్నాయన్నారు కదా, వాటిలో సర్కారు తుమ్మ పెరిగి ఉంటే అడుగు పెట్టే వీలుండదు. ఆ కంప కొట్టించి, నేల చదును చేస్తే మేము కుప్పలు అక్కడే పోసుకుంటాం. వీలైతే పగలు ఆరబోయడం కూడా అక్కడే, టార్పాలిన్ల మీద చేస్తాం. రోడ్డు మీద బండ్లు తొక్కితే గింజ నలుగుతుంది, నూక ఎక్కువవుతుంది, మట్టి కలుస్తుంది. తారు రోడ్డు మీద ఆరబోయడం మాకు ఇష్టమైన పని అనుకోకండి.

జవాబు: అదే పట్టణంలోని ఒక కాలనీ నివాసి

రైతు సోదరుని మాటలు నిజాయితీగా ఉన్నాయి, వాటిని నేను గౌరవిస్తున్నాను. అయినా ఎవరైనా ఒకరు రెండో వైపు కూడా స్పష్టంగా చెప్పాలి కనుక రాస్తున్నాను. మా నాన్నగారికి గుండె జబ్బు ఉంది. చలికాలపు తెల్లవారుజామున ఆయనకు ఆయాసం వచ్చిందంటే 108 వాహనం మా ఇంటికి చేరడానికి ఉన్నది ఒకే ఒక్క దారి. ఆ దారిలో సగభాగం కుప్పలతో నిండి, మిగిలిన సగంలో ఎదురుగా ట్రాక్టరు వస్తే వాహనం ఎక్కడ ఆగాలి? పండిన పంటకు విలువ ఉందని చెప్పేటప్పుడు ఆ దారిని నమ్ముకొని బతికే వారి ప్రాణాలను కూడా లెక్కలోకి తీసుకోవాలని నా మనవి.

చట్టం కూడా ఇందులో అస్పష్టంగా లేదు. ప్రజలు నడిచే దారిలో ప్రమాదం గాని ఆటంకం గాని కలిగిస్తే భారతీయ న్యాయ సంహితలోని 285వ సెక్షన్ కింద ఐదు వేల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. నా భయం జరిమానా గురించి కాదు. ‘ఈ వైపు ఆరబోసుకోండి, ఈ వేళల్లో ఆరబోసుకోండి’ అని సంఘమే కాగితం మీద రాసి ఇస్తే, రేపు ఆ వైపునే ఎవరైనా పడినప్పుడు ఆ కాగితాన్ని చూపించి సంఘాన్ని నిలదీయరా? మంచి మనసుతో ఇచ్చిన అనుమతి కార్యవర్గ సభ్యుల మెడకు చుట్టుకోకుండా ముందే ఆలోచించుకోవాలి.

జవాబు: పురపాలక శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఉద్యోగి, నల్లగొండ

పై మిత్రుడు లేవనెత్తిన ప్రశ్న చాలా ముఖ్యమైనది. సంక్షేమ సంఘాలు సాధారణంగా 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదవుతాయి. ఆ నమోదు వల్ల సంఘానికి చందాలు వసూలు చేయడానికి, ఖాతా నడపడానికి, సభ్యుల తరఫున అర్జీ పెట్టడానికి వీలు కలుగుతుంది గాని పురపాలక రోడ్డు మీద హక్కు రాదు. హక్కు లేనిచోట అనుమతి ఇవ్వడానికి గాని, నిషేధించడానికి గాని సంఘానికి అధికారం లేదు. అందువల్ల మీ తీర్మానంలో ‘అనుమతిస్తున్నాము’, ‘నిషేధిస్తున్నాము’ అనే మాటలు రెండూ రాకూడదు. ‘రోడ్డు మీద కుప్పలు లేకుండా చూడవలసిందిగా పురపాలక కమిషనరును, పోలీసు అధికారులను కోరుతున్నాము, ప్రత్యామ్నాయంగా ప్రైవేటు ప్లాట్ల యజమానుల సమ్మతితో స్థలాన్ని సిద్ధం చేయడానికి సంఘం సహకరిస్తుంది’ అన్న రీతిలో రాయండి.

లేఅవుటులో పార్కు కోసం వదిలిన ఖాళీ స్థలం మీద కొందరికి కన్ను పడుతుంది. ఆమోదం పొందిన లేఅవుటులో ఆ స్థలాన్ని గిఫ్ట్ డీడ్ ద్వారా పురపాలక సంస్థకు అప్పగించి ఉంటారు. అది కాలనీ ఆస్తి అని మనం వాడుకలో అంటాము గాని, దానిలో కంప కొట్టించాలన్నా, వడ్లు పోయనివ్వాలన్నా కమిషనరు గారి సమ్మతి కావాలి. ప్రైవేటు ప్లాట్ల సంగతి తేలిక. యజమానులు హైదరాబాదులో ఉన్నా, అమెరికాలో ఉన్నా, ప్లాటు నంబరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఆ తరువాత నేలను శుభ్రం చేసి అప్పగించే బాధ్యత ఎవరిది అన్నవి రాసి ఒక సమ్మతి లేఖ తెప్పించుకుంటే చాలు. ఖర్చు లేకుండా ప్లాటు శుభ్రపడుతుంది గనుక అభ్యంతరం చెప్పేవారు అరుదు. తుమ్మ కంప పోతే దోమలు, పాములు కూడా తగ్గుతాయి కాబట్టి మీ ఎజెండాలోని మరో అంశానికి సైతం అది ఉపయోగపడుతుంది.

దీపాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎక్కువగా గమనించిన లోపం స్తంభాలు లేకపోవడం కన్నా వేళ మార్చకపోవడమే. జూన్ నెలాఖరున మన జిల్లాలో పొద్దుగుంకేది సాయంత్రం 6:50 ప్రాంతంలో. నవంబరు నెలాఖరుకు అది 5:40 లోపే జరిగిపోతుంది. టైమరుతో వెలిగే దీపాలకు వేసవి వేళను అలాగే ఉంచేస్తే, చలికాలంలో గంటకు పైగా రోడ్డు చీకటిలో ఉంటుంది, సరిగ్గా పిల్లలు ట్యూషన్ల నుంచి, ఉద్యోగులు పనుల నుంచి తిరిగి వచ్చే గంట అది. కాబట్టి ముందుగా ఉన్న దీపాల టైమర్లు మార్చమని అర్జీ పెట్టండి, దానికి నిధులు అక్కరలేదు, ఒక మనిషి వచ్చి సరిచేస్తే సరిపోతుంది. కొత్త స్తంభాలు కావాలంటే అంచనా వేయడం, మంజూరు చేయడం, విద్యుత్ సంస్థ నుంచి సరఫరా ఇప్పించడం వంటి మెట్లు ఉంటాయి కనుక ఈ సీజనుకు అందకపోవచ్చు. అయినా అర్జీ మాత్రం ఇప్పుడే నమోదు కావాలి. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టం ప్రకారం ప్రతి వార్డులో యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరుల పేరిట పదిహేను మంది చొప్పున నాలుగు కమిటీలు ఉండాలి. మీ వార్డులో అవి ఏర్పడి ఉంటే ఆ సభ్యుల సంతకాలతో అర్జీ ఇవ్వండి, సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణిలో కూడా ఒక ప్రతి ఇచ్చి రసీదు తీసుకోండి.

జవాబు: కాలనీ మహిళా సభ్యురాలు, మహబూబ్‌నగర్

కార్యదర్శి గారూ, మా వైపు వడ్లతో పాటు మక్కలు కూడా రోడ్ల మీద ఆరబోస్తారు. బాదేపల్లి మార్కెట్‌కు వెళ్లే దారుల్లో ఈ రోజుల్లో ప్రయాణించిన వారికి ఆ దృశ్యం పరిచయమే. మా కాలనీలో ఈ గొడవ సద్దుమణగడానికి ముఖ్య కారణం ఏమిటంటే, కోతలకు మూడు వారాల ముందే మా సంఘం పెద్దలు, మేము కొందరు ఆడవాళ్లం కలిసి పక్క ఊరికి వెళ్లి రైతులతో కూర్చుని మాట్లాడాము. అంతకు ముందు సంవత్సరం ఆ మాట వాచ్‌మన్‌తో చెప్పించారు. అతను పాపం అదే ఊరివాడు, తన సొంత మేనమామ కుప్పను తీయమని చెప్పలేక, ఇటు కాలనీవారితో మాటలు పడలేక నలిగిపోయాడు. దయచేసి ఆ పని మీ వాచ్‌మన్ మీద పెట్టకండి. మీరే వెళ్లండి, పంట చేతికి రాకముందే వెళ్లండి. వడ్లు రోడ్డు మీద పోసిన తరువాత మాట్లాడితే, అప్పటికే రైతు వెనక్కి తీసుకోలేని స్థితిలో ఉంటాడు, మాట తగవుగా మారుతుంది.

మేము చందా డబ్బుతో రేడియం స్టిక్కర్ల చుట్టలు కొని, పాత ప్లాస్టిక్ డ్రమ్ముల చుట్టూ అతికించి, ఆ డ్రమ్ములలో ఇసుక నింపి, రాత్రి కుప్పలు దూరం నుంచే కనబడేలా పక్కన పెట్టుకోమని రైతులకు ఇచ్చాము. టార్పాలిన్ అంచుల మీద రాళ్లకు బదులు ఇసుక సంచులు పెట్టమని కోరాము. ఇసుక సంచి తగిలితే బండి ఊగుతుంది గాని రాయిలా మనిషిని పడగొట్టదు, పైగా వెళ్లేటప్పుడు ఎవరిదో ఒకరి అవసరానికి దాన్ని తీసుకుపోతారు. రోడ్డు మీద మిగిలిపోయేది ఎప్పుడూ రాయే.

ఇంకొక సంగతి. కోతలయ్యాక కొయ్యకాళ్లు తగలబెట్టే విషయం కూడా అదే కూర్చునే రోజున మాట్లాడండి. చలికాలపు ఉదయం పొగ పైకి లేవకుండా నేల మీదనే ఆవరించి ఉంటుంది, ఆస్తమా ఉన్న పిల్లలు, పెద్దవాళ్లు దానికి తట్టుకోలేరు. మా దగ్గర పాడి ఉన్న ఇద్దరు రైతులు గడ్డిని కట్టలు కట్టే యంత్రం తెప్పించి పక్క పొలాల గడ్డి కూడా తీసుకుపోయారు. మన కాలనీల్లో చెత్త కుప్పలకు నిప్పు పెట్టడం మానకుండా రైతుకు ఈ మాట చెబితే అతను వినడు, వినవలసిన అవసరం కూడా లేదు. ముందు మన వీధి ఊడ్చేవారితో ఆకులు తగలబెట్టించడం ఆపాలి.

తిరుగు జవాబు: కార్యదర్శి, మిర్యాలగూడ

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మీ సూచనలను కార్యవర్గంలో చదివి వినిపించాను. 108 వాహనం గురించి రాసిన మిత్రుని ఆందోళన మా కాలనీలో కూడా చాలామందిది. అందుకే ఆ దారి ఎట్టి పరిస్థితుల్లోనూ రెండు వాహనాలు తప్పుకునేంత వెడల్పున ఖాళీగా ఉండాలన్న మాట కమిషనరు గారికి, పోలీసులకు ఇచ్చే అర్జీలో మొదటి వాక్యంగా ఉంటుంది. అనుమతి, నిషేధం అన్న పదాలు తీర్మానంలో రాకుండా నల్లగొండ పెద్దలు చెప్పిన విధంగానే ముసాయిదా రాశాము.

రోడ్డు పక్క ప్లాట్లలో ఆరింటి యజమానులు ఫోనులో ఒప్పుకున్నారు, సమ్మతి లేఖలు రావలసి ఉంది. కంప కొట్టించే ఖర్చు సంఘం భరించాలా, రైతులు కూడా కొంత పెట్టుకోవాలా అన్న చర్చ వచ్చింది. నా అభిప్రాయం సంఘమే భరించాలని. దోమల కోసం, పాముల కోసం ఎలాగూ చేయించవలసిన పని అది, వడ్ల పేరుతో ఇంతకాలం వాయిదా పడింది. డ్రమ్ములు, రేడియం స్టిక్కర్ల ఖర్చు మాత్రం పడిపోయిన విద్యార్థి తండ్రి తానే పెట్టుకుంటానని ముందుకు వచ్చారు. పోలీసు ఫిర్యాదు కావాలని గట్టిగా పట్టుబట్టినవారు ఆయనే.

ఒక్క సందేహం మిగిలింది. ఊరికి వెళ్లి మాట్లాడడానికి, ప్లాట్లు సిద్ధం చేయడానికి సరైన గడువు ఏమిటి? వేములపల్లి సోదరుడు కోతలు ఎప్పుడు మొదలై ఎప్పటికి ముగుస్తాయో చెప్పగలిగితే తేదీలు వేసుకుంటాము.

జవాబు: రైతు కుటుంబం, వేములపల్లి మండలం

కార్యదర్శి గారూ, అందరి పొలాలు ఒకేసారి కోతకు రావు, కాబట్టి ఒకే తేదీ పెట్టుకోకండి. తెలంగాణ సోనా వంటి రకాలు విత్తిన నాటి నుంచి సుమారు 125 రోజులకు వస్తాయి, సాంబ మసూరికి 150 రోజుల దాకా పడుతుంది. కాలువ నీళ్లు ఎప్పుడు వదిలారు, నారు ఎప్పుడు పోశారు అన్నదాన్ని బట్టి మొదటి విడత దీపావళి తరువాత, రెండో విడత డిసెంబరులో మీ రోడ్డుకు చేరుతుంది. దసరా అయిన వెంటనే ఊరికి రండి, అప్పటికి వరి పొట్ట దశ దాటి వెన్ను తీసి ఉంటుంది, మాకు కాస్త తీరిక ఉంటుంది. ప్లాట్లు దీపావళి నాటికి సిద్ధమైతే చాలు.

ఉదయం పూట వస్తే అందరూ పొలాల్లో ఉంటారు. సాయంత్రం ఏడు తరువాత సహకార సంఘం కార్యాలయం దగ్గరికి రమ్మని మీ పక్క ఊరి వారికి ముందు రోజు ఫోను చేయించండి. కౌలు రైతులను కూడా పేరుపేరునా పిలిపించమని చెప్పండి, రోడ్డు మీదికి ఎక్కువగా వచ్చేది వాళ్లే.